రిజిస్టరులో లేని చావులు

మునిసిపల్ ఆఫీసులో ఆమెకు రెండు పేర్లు. ఎదురుగా ఉంటే అందరూ ‘పుట్టుకలమ్మ’ అనేవారు. అటు తిరగ్గానే ‘చావులమ్మ’ అనేవారు. పదిహేనేళ్ళుగా జనన మరణాల గుమాస్తాగా ఆ కిటికీ వెనకే కూర్చుంటోంది కాబట్టి రెండు పేర్లూ సరిపోయినవే. ఊళ్ళో ఎవరింట ఉయ్యాల ఊగినా, ఎవరింట ఏడుపు లేచినా, ఆమె చేతి మీదుగా రిజిస్టరులో ఒక వరుస నిండాల్సిందే.

ఆ సోమవారం పొద్దున మొదట వచ్చింది కంకర మిల్లు వీధుల్లోని ఒక అవ్వ. జుట్టు నెరిసి తెల్లబడిందో, రాతిపొడి పడి తెల్లబడిందో చెప్పలేం. మనవడు పుట్టాడు, రాయించాలి అంది.

“పిల్లాడి పేరు?”

“ఇంకా పెట్టలేదమ్మా. వాళ్ళ నాన్న ఒకటంటాడు, వాళ్ళమ్మ ఒకటంటుంది. మధ్యలో నేను నోరు పెట్టానంటే ఇద్దరూ ఒకటై నా మీద పడతారు.”

“పేరు తర్వాతైనా రాయించుకోవచ్చులే. సమాచారం ఇచ్చింది నువ్వే కదా, ఇక్కడ వేలిముద్ర వెయ్యి.”

అవ్వ బొటనవేలు పడలేదు. ముప్పై ఏళ్ళు కంకర తట్టలు మోసి వేలిమీది గీతలన్నీ అరిగిపోయాయి. పుట్టుకలమ్మ ఆ వేలిని తడిగుడ్డతో తుడిచి, సిరా రాసి, తన వేళ్ళతో పట్టుకుని మళ్ళీ అద్దించింది. ఈసారి ఊదారంగు మచ్చ ఒకటి పడింది. పక్కనే తేదీ వేసింది. అవ్వ చెయ్యి చీరకు తుడుచుకుంటూ, పదిసార్లు దీవించి వెళ్ళింది.

మధ్యాహ్నం హెడ్‌గుమాస్తా ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. ఆయనకు మెడలో ఎముక లేదని ఆఫీసులో ఒక హాస్యం. పైవాళ్ళు ఏమన్నా తలూపుతాడు, కిందివాళ్ళు ఏమన్నా తలూపుతాడు, ఫ్యాను కింద కూర్చుంటే ఫ్యానుతోపాటు తలూపుతాడు. ఇంకో మూడు నెలల్లో రిటైరవుతున్నాడు. చేతిలో టైపు కొట్టిన మూడు కాగితాలు ఉన్నాయి.

“ఓటర్ల జాబితాలోంచి చనిపోయినవాళ్ళని తీసేస్తున్నారమ్మా. నీ రిజిస్టరుతో పోల్చి చూశానని ప్రతి పేరుకీ ఎదురుగా సంతకం పెట్టాలి. గురువారం సాయంత్రంలోపల.”

ఆయన వెళ్ళాక ఆమె కాగితాలు ముందుకు లాక్కుంది. ఎనభై మూడు పేర్లు. ఒక్కొక్క పేరుకు ఎదురుగా చనిపోయిన తేదీ. అందరూ కంకర మిల్లు వీధులవాళ్ళే. ‘ఏ మాయరోగం వచ్చింది ఆ రెండు వీధులకి? నాకు తెలియకుండా ఇంతమంది ఎప్పుడు పోయారు?’ అనుకుంటూ చూపుడువేలు ఒక్కో పేరు మీదుగా దించింది. ఇరవై మూడో పేరు దగ్గర వేలు ఆగింది. అది పొద్దున వచ్చిన అవ్వ పేరు. ఆవిడ పోయినేడు వానాకాలంలోనే పోయిందట.

వేలికి అంటుకున్న ఊదారంగు ఇంకా పోలేదు. కాగితాలు బోర్లా పెట్టి వాటిమీద సిరాబుడ్డి పెట్టింది, ఎక్కడ ఎగిరిపోతాయో అన్నట్టు.

ఇది ఎవరి పనో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. పోయిన ఎన్నికల్లో కౌన్సిలరు నలభై ఒక్క ఓట్లతో ఒడ్డున పడ్డాడు. కంకర మిల్లు నడిపే కాంట్రాక్టరు ఆయన బావమరిది. మిల్లు దుమ్ముకి దగ్గులు పట్టాయని ఆ రెండు వీధులవాళ్ళు అర్జీలు పెట్టినప్పటి నుంచి అక్కడ ఆయనకు ఒక్క ఓటు రాలదని ఊరందరికీ తెలుసు. ఓటు రాలకపోతే ఓటరునే రాల్చేస్తే సరి.

*

ఆఫీసు ప్రహరీని ఆనుకుని ఆమె భర్తకు చిన్న జిరాక్సు కొట్టు ఉంది. మంగళవారం మధ్యాహ్నం ఆమె క్యారేజీ తీసుకుని వెళ్ళేసరికి ఆయన యంత్రం మూత పైకెత్తి పట్టుకుని, లోపల ఏదో పోయినట్టు ఆ అద్దంలోకే చూస్తున్నాడు.

“ఏమండీ, ఏమైంది?”

“కాంట్రాక్టరు వచ్చాడు.”

“ఏ కాంట్రాక్టరు?”

“ఎంతమంది ఉన్నారు మన ఊళ్ళో? బావా అని పిలిచాడు నన్ను. నా జన్మలో ఆయనతో మాట్లాడలేదు. ‘అక్క ఎలా ఉంది బావా’ అన్నాడు. ఒక కాగితం ఇచ్చి కాపీ తియ్యమన్నాడు. తీస్తూ చూస్తే…” బల్ల మీద ఉన్న కాగితం ఆమెవైపు జరిపాడు.

అది ఈ కొట్టు పర్మిట్టే. భర్త పేరు, కొట్టు కొలతలు, ఆఫీసు ముద్ర అన్నీ ఉన్నాయి. అసలు కాగితం వాళ్ళింట్లో బీరువాలో ఉంది. ఆఫీసు ఫైల్లో ఉన్నది కాంట్రాక్టరు చేతికెలా వచ్చింది?

“కాపీ మనకే ఇచ్చేశాడు. దాచుకో బావా, ఇలాంటివి ఒక్కోసారి కనిపించకుండా పోతుంటాయి అన్నాడు. వెళ్తూ వెళ్తూ, మేనకోడలు ఆరో క్లాసు కదా అన్నాడు. స్కూలు మలుపు దగ్గర మా లారీలు కాస్త జోరుగా వస్తాయి, చెయ్యి పట్టుకుని దాటించండి అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.”

క్యారేజీ తెరవలేదు ఇద్దరూ. కాసేపు చూసి ఆమె దాన్ని మళ్ళీ సంచిలో పెట్టేసింది.

సాయంత్రం స్కూలు వదిలే వేళకి మొగుడూ పెళ్ళాం ఇద్దరూ గేటు దగ్గర ఉన్నారు. కూతురు సిగ్గుతో చచ్చిపోయింది. “నేనేమైనా ఒకటో క్లాసా? అందరూ నవ్వుతున్నారు. చెయ్యి వదలమ్మా” అని గింజుకుంది. లారీ ఒకటి కంకరతో మలుపు తిరిగి, వాళ్ళ ముందు నుంచే మామూలుగా వెళ్ళిపోయింది. డ్రైవరు వాళ్ళవైపు చూడను కూడా లేదు. అయినా ఆమె పట్టుకున్న పట్టుకి పిల్ల మణికట్టు మీద వేళ్ళ అచ్చులు పడ్డాయి.

ఇంట్లో అత్తగారు బట్టలు మడతపెడుతూ సంగతంతా విన్నది. ఆవిడ నోరు ఊరంతా ఎరిగినదే. కానీ ఆ రోజు గొంతు తగ్గించి మాట్లాడింది.

“సంతకమే కదా అమ్మాయ్, పెట్టి పారెయ్. నీ సంతకంతో వాళ్ళ ప్రాణాలేం పోవు కదా.”

“ప్రాణం పోదత్తయ్యా. ప్రాణం ఉండగానే పోయిందని రాయడమే కదా.”

“నీ కూతురు రోడ్డు దాటాలి. అది చూసుకో ముందు.”

భర్త గోడకి ఆనుకుని కూర్చున్నాడు. “నువ్వు పెట్టకపోతే ఇంకొకళ్ళ చేత పెట్టిస్తారు. ఆ పేర్లు ఎలాగూ పోతాయి. మధ్యలో పోయేది మనమే” అన్నాడు.

అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆమె కూడా మధ్యాహ్నం నుంచి తనకు తాను అదే చెప్పుకుంటోంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నుయ్యి లోతెంతో చూసుకుందామని బుధవారం సగంపూట సెలవు పెట్టింది.

*

కంకర మిల్లు వీధుల్లోకి ఆమె వెళ్ళింది న్యాయం వెతుక్కుంటూ కాదు. ఈ సంగతి ఆమె తర్వాత కూడా ఎవరికీ చెప్పుకోలేదు. ఆ జాబితాలోవాళ్ళు నిజంగానే చచ్చిపోయి ఉండాలని కోరుకుంటూ వెళ్ళింది. చావు జరిగినా రాయించనివాళ్ళు బోలెడంతమంది ఉంటారు. అలాంటివాళ్ళయితే ఏ బాధా లేదు. హాయిగా సంతకాలు పెట్టి ఇంటికి పోవచ్చు. దారిపొడుగునా మనసులో అదే మొక్కు.

వీధిలో మిల్లు చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించదు. గడపల మీద, కిటికీ చువ్వల మీద, ఆరేసిన బట్టల మీద బూడిదరంగు పొడి. ఆమె చంకలో ఫైలు చూడగానే రెండు తలుపులు మూసుకున్నాయి. మూడో తలుపు కొట్టింది. ఒక నడివయసు మనిషి దగ్గుతూ తెరిచాడు. ఆమె పేరు చదివింది.

“నేనేనమ్మా.”

ఇంకో తలుపు. “మా ఆయనే. డ్యూటీలో ఉన్నాడు.” ఇంకో తలుపు. “మా అక్క. అదిగో, పంపు దగ్గర బిందె పట్టుకుని ఉందే, ఆవిడే.” ప్రతి ఇంట్లోంచి ఒక బతికిన మనిషి బయటికి వస్తున్నకొద్దీ ఆమెకు ఒక్కో దారి మూసుకుపోతున్నట్టుంది. ఒక గడపలో మాత్రం ఒక కోడలు కళ్ళొత్తుకుని, “మా మామయ్య పోయారండీ, మీ దగ్గరే రాయించాం” అంది. పాపం, ఆ మాటకి పుట్టుకలమ్మ ప్రాణం లేచొచ్చింది. వెంటనే తన మీద తనకే అసహ్యం వేసింది.

వీధి చివర ఒక ముసలాయన అరుగు మీద కూర్చుని తెగిన చెప్పు ఉంగటం కుట్టుకుంటున్నాడు. ఆయన పేరు నలభయ్యోది.

“దేనికమ్మా నా పేరు?”

ఆమె అబద్ధం వెతుక్కుంది. దొరకలేదు. “మీరు పోయారని రాసి ఉంది బాబాయ్.”

ఆయన సూది ఆపి ఆమె ముఖంలోకి చూశాడు. “ఎప్పుడు?”

“పోయినేడు. చలికాలంలో.”

“అయితే మా మిల్లు మేనేజరుకి ఒక ముక్క రాసివ్వమ్మా. చచ్చాక కూడా ఏడాదిగా డ్యూటీకి వస్తున్నానని. పాపం మెచ్చుకుంటాడేమో.”

నవ్వబోయి దగ్గాడు. ఆ దగ్గు చాలాసేపు సాగింది. తెరపి దొరికాక గొంతు తగ్గించి అడిగాడు. “ఎంతమందిని చంపారు?”

ఆమె వేళ్ళు చూపించింది. ఎనిమిది వేళ్ళు, తర్వాత మూడు. ఆయన ఇంక నవ్వలేదు. వీధి మొగలో ఒక మోటారుసైకిలు ఆగి ఉంది. దాని మీద కూర్చున్నవాడు ఇటే చూస్తూ తాళంచెవితో చెవి గోక్కుంటున్నాడు.

“నువ్వు వచ్చి చాలాసేపైందమ్మా. ఇంక వెళ్ళు” అన్నాడు ముసలాయన. “నేను నీకు కనిపించలేదు, నువ్వు నాకు కనిపించలేదు. వెళ్ళు.”

మోటారుసైకిలు ఆమె వెనకే నెమ్మదిగా ఆఫీసు దాకా వచ్చింది. దాటి వెళ్ళలేదు, దగ్గరికీ రాలేదు. వెనక్కి తిరిగి చూడకూడదని ఆమె అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచింది. ఆరువందలు దాటాక లెక్క తప్పింది.

*

గురువారం మధ్యాహ్నం దాకా ఆమె పెన్ను మూత తీయలేదు. కిటికీ దగ్గరికి వచ్చినవాళ్ళకి పని చేసి పంపింది. మూడు పుట్టుకలు, ఒక చావు. ఆ చావు రాయించడానికి వచ్చిన కొడుకుని అలవాటు ప్రకారం అడిగింది: “సమాచారం ఇచ్చేది ఎవరు?”

అడిగాక తన ప్రశ్న దగ్గర తనే ఆగిపోయింది. రిజిస్టరులో ఆ గడి ఖాళీగా ఉంటే చావు చావు కాదు. ఎవరో ఒకరు వచ్చి, ఫలానా మనిషి పోయాడని చెప్పి, కింద వేలో సంతకమో పెట్టాలి. ఈ ఎనభై మూడు చావులూ ఆమెకు ఎవరు చెప్పారు? ఆమె సంతకం పెడితే చెప్పినవాళ్ళ గడిలో పడేది ఆమె పేరే. ఆమెను పట్టుకున్న భయం పోలేదు. దాని పక్కనే ఇంకో భయం వచ్చి కూర్చుంది, అంతే. రేపు ఆ అవ్వ మనవడి పేరు రాయించుకోవడానికి వస్తే, ఆవిడ ముఖం చూసి ఏ వేలు పట్టుకుని సిరా అద్దాలి?

భోజనాల వేళ అందరూ లేచి వెళ్ళాక రాయడం మొదలుపెట్టింది. చనిపోయినవాళ్ళు ఆరుగురు తేలారు. వాళ్ళ ఎదుట వరుస సంఖ్య, తేదీ వేసి సంతకం పెట్టింది. మిగిలిన డెబ్భై ఏడు పేర్లకీ ‘రిజిస్టరులో లేదు’ అని రాసింది. అంతటితో ఊరుకుంటే బాగుండేది. కానీ జనన రిజిస్టరు తిరగేస్తుంటే, చచ్చిపోయారన్న తేదీ తర్వాత ఇదే కిటికీకి వచ్చి మనవల పుట్టుకలు, మేనల్లుళ్ళ పుట్టుకలు రాయించుకున్నవాళ్ళు పంతొమ్మిది మంది కనబడ్డారు. వాళ్ళ ఎదుట, ‘ఫలానా తేదీన స్వయంగా వచ్చి వేలిముద్ర వేసినారు’ అని కూడా రాసింది. అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా వచ్చాయి.

హెడ్‌గుమాస్తా మూడు కాగితాలూ చదివాడు. మామూలుగా ఊగే ఆ తల ఊగలేదు.

“ఇలా రాశావేమిటమ్మా?”

“ఉన్నదే రాశాను సార్.”

“ఇంకోసారి ఆలోచించుకుంటావా?”

ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన కాగితాలు సొరుగులో పెట్టి తాళం వేసి, “ఇంటికి వెళ్ళు. పిల్లని జాగ్రత్తగా చూసుకో” అన్నాడు. ఆ చివరి మాట హితవో, బెదిరింపో ఆమెకు ఇంటికి చేరేదాకా అంతుబట్టలేదు. చేరాక బెదిరింపేనని తేల్చుకుంది.

*

శుక్రవారం పొద్దున ఆమె బీరువా తెరిచింది. తాళం వేసినట్టే ఉంది. లోపల మరణాల రిజిస్టరు లేదు. జనన రిజిస్టరూ లేదు. ఆ రెండూ ఉండే చోట, దుమ్ములో రెండు నలుచదరపు ఆనవాళ్ళు మిగిలాయి.

ఆమె బీరువా తలుపు పట్టుకుని నిలబడింది. పాత రిజిస్టర్లన్నీ దించింది. బల్లల కింద చూసింది. పక్కగది బీరువాలు చూసింది. అటెండరు కూడా వెతికాడు గానీ, కాసేపయ్యాక ఆమె కళ్ళలోకి చూడటం మానేశాడు. రిజిస్టర్లు లేకపోతే ఆమె రాసిన మూడు కాగితాలకీ చిత్తుకాగితం విలువ కూడా ఉండదు. అంతకన్నా పెద్ద సంగతి, రిజిస్టర్ల బాధ్యత ఆమెది.

పదకొండు గంటలకి మెమో వచ్చింది. ‘ముఖ్యమైన రికార్డులు మీ అధీనంలో ఉండగా కనిపించకపోవడానికి కారణం తెలపవలసినది.’ కింద హెడ్‌గుమాస్తా సంతకం. ఆయన తల ఎత్తకుండా మెమో ఇచ్చాడు. అందరూ వినేటట్టు, “ఉద్యోగం అంటే ఆటలా ఉందా నీకు?” అని కూడా అన్నాడు. పదిహేనేళ్ళలో ఆయన గొంతు పెంచడం అదే మొదటిసారి.

‘రిజిస్టర్లు ఎక్కడ ఉన్నవో నాకు తెలియదు’ అని జవాబు రాసి సంతకం పెట్టింది.

పన్నెండు గంటలకి ప్రహరీ అవతల గొడవ వినిపించింది. కిటికీలోంచి చూస్తే భర్త చేతులు వేలాడేసుకుని రోడ్డు మీద నిలబడి ఉన్నాడు. ఆఫీసు మనుషులే, ఆమెకు రోజూ నమస్కారం పెట్టే మనుషులే, కొట్టు తలుపు దించి లక్కతో సీలు వేస్తున్నారు. పర్మిట్టు ఫైలు కనిపించడం లేదట.

సాయంత్రం కాంట్రాక్టరు తనే కిటికీ దగ్గరికి వచ్చాడు. మోచేతులు గట్టు మీద ఆనించాడు.

“రేపు ఓటర్ల జాబితా అధికారి విచారణ ఉందట కదక్కా, స్కూలు హాల్లో. రిజిస్టర్లు లేకుండా వెళ్తే పరువు తక్కువ. ఆరోగ్యం బాలేదని సెలవు పెట్టు. సోమవారానికల్లా అన్నీ దొరుకుతాయి. కొట్టు కూడా తెరుచుకుంటుంది. తమ్ముడిగా చెప్తున్నా.”

అతను గట్టు మీదున్న గుండుసూదుల డబ్బా సరిగ్గా జరిపి పెట్టి వెళ్ళిపోయాడు.

ఇంటికి వెళ్ళి సెలవు చీటీ రాసింది కూడా. అత్తగారు అది చూసింది. “మంచి పని” అంది. కాసేపటికి మళ్ళీ వచ్చి, “అయితే ఇంట్లో కూర్చుంటే రిజిస్టర్లు పోగొట్టింది నువ్వేనని వాళ్ళు రాసుకోరూ? అడ్డం చెప్పడానికి అక్కడ నువ్వైనా ఉండవు” అంది. అత్తగారు చెప్పింది ధైర్యమో, లెక్కో తెలియదు గానీ, నిజం. సెలవు చీటీ బల్ల మీదే ఉండిపోయింది.

*

శనివారం స్కూలు హాల్లో బెంచీలన్నీ ఒకవైపుకి నెట్టారు. నల్లబల్ల ముందు జాబితా అధికారి కూర్చున్నాడు. పై ఊరి మనిషి, కళ్ళద్దాలాయన, గడియారం చూసుకుంటున్నాడు. ముందు వరుసలో కాంట్రాక్టరు కాలు మీద కాలు వేసుకుని ఉన్నాడు. కౌన్సిలరు రాలేదు. ఆయన రావలసిన అవసరం లేదు.

కంకర మిల్లు వీధులవాళ్ళు రారనే అనుకుంది ఆమె. ఆ రోజు డ్యూటీకి రానివాళ్ళు మళ్ళీ రానక్కర్లేదని మిల్లులో చెప్పారట. అయినా నలభైమంది దాకా వచ్చారు. కూర్చోమన్నా కూర్చోలేదు. వరుసగా గోడని ఆనుకుని నిలబడ్డారు. చివర చెప్పులు కుట్టుకున్న ముసలాయన, పక్కన పసివాణ్ణి ఎత్తుకున్న అవ్వ. ఎవరూ పుట్టుకలమ్మ వైపు చూడలేదు. చూడకూడదని మాట్లాడుకుని వచ్చినట్టున్నారు.

అధికారి వాళ్ళ పేర్లు పిలిచి టిక్కులు పెట్టుకున్నాడు. తర్వాత మూడు కాగితాలు పైకి తీశాడు. అవి పుట్టుకలమ్మ రాసినవే. అవి ఇంత దూరం ఎలా వచ్చాయో ఆమెకు అర్థం కాలేదు. సొరుగులోనే చచ్చిపోయాయనుకుంది.

“వచ్చినవాళ్ళ సంగతి సరే. రానివాళ్ళ మాటేమిటి? రిజిస్టరులో లేదని మీరు రాశారు. రిజిస్టర్లు చూపించండి.”

ఆమె లేచి నిలబడింది. “లేవండీ.”

“లేవంటే?”

“బీరువాలో లేవండీ. నిన్న పొద్దున్నుంచి.”

“పాపం అక్కకి ఇంట్లో కూడా ఏవో ఇబ్బందులు” అన్నాడు కాంట్రాక్టరు, ఎంతో జాలిగా. “మతిమరుపు. మెమో కూడా ఇచ్చారు. జవాబులో తెలియదనే రాసింది.”

అధికారి పెన్ను ఎత్తాడు. ఆ పెన్ను కాగితం మీదికి దిగేలోపు తలుపు దగ్గర ఎవరో దగ్గారు. అందరూ తిరిగి చూశారు. హెడ్‌గుమాస్తా గడప దాటి వస్తున్నాడు. చొక్కా చెమటకి వీపుకి అంటుకుపోయింది. చంకలో బియ్యపు గోనెసంచి. దాన్ని అధికారి బల్ల మీద పెట్టి మూతి విప్పబోయాడు. కట్టు ఊడకపోతే పళ్ళతో లాగాడు. లోపలి నుంచి రెండు రిజిస్టర్లు తీశాడు.

“ఇవండీ. బుధవారం బీరువాకి మారుతాళంచెవి అడిగారు నన్ను. ఇస్తానన్నాను. గురువారం సాయంత్రం అది ఇచ్చే ముందు వీటిని ఇంటికి తీసుకుపోయాను.”

కాంట్రాక్టరు కాలు మీది కాలు దిగింది. ఫోను తీసి హాలు బయటికి నడిచాడు.

తర్వాత రెండు గంటలు పేర్లు చదవడం, పేజీలు తిప్పడం, వేలిముద్రల మీద అధికారి భూతద్దం పెట్టి చూడటం. ఆరు పేర్లు కొట్టేశారు. డెబ్భై ఏడు ఉన్నచోటే ఉన్నాయి. గోడ దగ్గరివాళ్ళు కేకలు వెయ్యలేదు, చప్పట్లు కొట్టలేదు. వచ్చినట్టే వరుసగా వెళ్ళిపోయారు, మధ్యాహ్నం డ్యూటీకైనా రానిస్తారేమోనని.

పుట్టుకలమ్మ స్కూలు మెట్ల మీద హెడ్‌గుమాస్తాని పట్టుకుంది. కృతజ్ఞత చెప్పాలని వచ్చింది. నోరు తెరిస్తే కోపం వచ్చింది.

“నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదా సార్! నిన్నంతా నేను చచ్చి బతికాను. మెమో ఇచ్చారు. అందరి ముందూ అరిచారు!”

ఆయన మెట్టు మీద కూలబడ్డాడు. జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

“మెమో ఇవ్వకపోతే నా దగ్గరే ఉన్నాయని వాళ్ళకి తెలిసిపోదా? బీరువా తెరిచి చూసుకున్నారు, ఖాళీ. నువ్వు దాచావా, నేను దాచానా, నిజంగానే పోయాయా అని నిన్నంతా నీ ముఖమే చూశారు. నీ ముఖంలో ఉన్న భయం చూసి, నిజంగానే పోయాయని నమ్మారు, అందుకే అవి తమ దగ్గరే ఉన్నట్టు నీతో బుకాయించారు. నీకు చెబితే ఆ భయం పోయేదమ్మా. నాకేమో నటించడం రాదు. నీకూ రాదు.”

ఆయన్ని కొట్టాలో, దణ్ణం పెట్టాలో ఆమెకు తెలియలేదు. ఏదీ చెయ్యకుండా పక్క మెట్టు మీద కూర్చుంది. సంచి ఇద్దరి మధ్యా ఉంది.

“మూడు నెలలు” అన్నాడాయన. “మూడు నెలలు తలూపుకుంటూ గడిపేస్తే అయిపోయేది.”

*

సోమవారం ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. ఆఫీసు రికార్డులు అనుమతి లేకుండా ఇంటికి తరలించినందుకు సస్పెన్షన్. విచారణ మంగళవారం. కొట్టుకి వేసిన లక్క సీలు అలాగే ఉంది. భర్త కూతుర్ని రెండుపూటలా చెయ్యి పట్టుకుని దాటిస్తూనే ఉన్నాడు. పిల్ల ఇప్పుడు గింజుకోవడం లేదు. ఏదో అర్థమైనట్టుంది.

మంగళవారం ఆమెను పిలిచారు. విచారణాధికారి గదిలో కిటికీలన్నీ మూసి ఉన్నాయి. ఒకవైపు హెడ్‌గుమాస్తా చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. నాలుగు రోజుల్లోనే చొక్కా వదులైపోయింది ఆయనకి.

“రిజిస్టర్లు మీ బాధ్యతలో ఉండేవి. ఈయన వాటిని దొంగతనంగా తీసుకెళ్ళాడు. అంతేనా?”

అంతే. అదే జరిగింది. అవునంటే చాలు, ఆమె ఒంటి మీద ఏ మచ్చా ఉండదు. ఇంటికి వెళ్ళి అన్నం తినొచ్చు. బయట వరండాలో కాంట్రాక్టరు గొంతు వినిపిస్తోంది, ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. పదిహేనేళ్ళలో జరగని సంగతి ఒక్కటి కూడా ఆమె కాగితం మీద పెట్టలేదు.

“దొంగతనంగా కాదండీ” అంది. “నేనే ఇచ్చాను.”

హెడ్‌గుమాస్తా చటుక్కున తలెత్తాడు. ఆమె అటు చూడలేదు.

“మీరే ఇచ్చారా?”

“అవునండీ. భద్రంగా ఉంచమని నా చేతులతో ఇచ్చాను. ఆయనకి ఇచ్చే అధికారం నాకుంది.”

అధికారి ఫైల్లోంచి ఒక కాగితం తీసి ఆమె ముందుకి తిప్పాడు. గుండ్రటి అక్షరాలు, కింద ఆమె సంతకం. “మరి మెమోకి జవాబులో ఇవి ఎక్కడున్నాయో తెలియదని రాశారే? ఏది అబద్ధం? అబద్ధపు జవాబు రాస్తే మీ ఉద్యోగానికి ఏమవుతుందో తెలుసా?”

“తెలుసండీ.”

“మరెందుకు రాశారు?”

గదిలో ఫ్యాను తిరుగుతోంది. దాని కింద హెడ్‌గుమాస్తా తల వద్దు వద్దని అడ్డంగా ఊగుతోంది.

“భయమేసిందండీ” అంది. “ఆ రోజు నాకు చాలా భయమేసింది.”

విచారణాధికారి ఆ మాట ఉన్నదున్నట్టు రాసుకున్నాడు. కింద సంతకం పెట్టమని కాగితం ఆమెవైపు జరిపాడు. ఆయన రాసుకున్నది ఆమె మొదటి నుంచి చివరిదాకా చదివింది. పెట్టింది.